మన పక్క ఊరు చీరాల: నేల, నీరు, చరిత్ర

ఈ సంచికకు పాఠంలా ఉపయోగపడేది ఏదైనా రాయమని మమ్మల్ని అడిగారు. పోటీ పరీక్షలకు పనికిరావాలి, చదివాక ఆలోచనకూ పనికిరావాలి అనుకున్నాం. అందుకే చీరాల గురించి రాస్తున్నాం.

ఢిల్లీ గురించో, లండన్ గురించో రాయవచ్చు కదా అని కొందరు అడిగారు. దూరపు ఊళ్ల చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. రైలు కిటికీలోంచి రోజూ చూసే ఊరి చరిత్ర మనమే పోగు చేసుకోవాలి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మాకు ఊరి చరిత్ర చెప్పగల పుస్తకం ఇంట్లో లేదు. మిరప కోతలకు, పత్తి తీతలకు ఊరూరూ తిరిగిన అమ్మానాన్నలకు దారులన్నీ తెలుసు. ఆ దారుల మీద జరిగిన సంగతులను తేదీలతో కూర్చి వాళ్ల ముందు పెట్టడం చదువుకున్న మన వంతు.

1. వర్తక పట్టణం అంటే ఏమిటి?

పల్లెలో పంట పండుతుంది. నగరంలో కొనేవాడు ఉంటాడు. ఈ రెంటి మధ్య సరుకు చేతులు మారే చోటు వర్తక పట్టణం. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు ఎలా చేరతాయో మీకు తెలుసు. చిలకలూరిపేటకు పత్తి, ఒంగోలుకు పొగాకు అలాగే చేరతాయి. చీరాల పేరు చెప్పగానే గుర్తొచ్చేది బట్ట.

ఐరోపాలోని ఆస్ట్రియా దేశంలో చిన్న చిన్న ఊళ్లకు పాలకులు సంత జరుపుకునే హక్కును రాసి ఇచ్చేవారు. ఆ హోదా ఉన్న ఊళ్లను అక్కడ ఇప్పటికీ ‘మార్క్ట్’ అని వేరుగా పిలుస్తారు. అంటే సంత అనేది దానంతట అదే నడిచేది కాదు. వచ్చినవాడి సరుకు దోచుకోరు, వచ్చినవాడి మీద చెయ్యి చేసుకోరు అనే హామీ ఉంటేనే సంత నిలుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చీరాల చరిత్ర అంతా ఈ హామీ చుట్టూనే తిరుగుతుంది.

2. ఉనికి, నేల, నీరు

చీరాల బంగాళాఖాతం ఒడ్డుకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడరేవు బీచి దీనికి దగ్గరే. ఆ పేరులోనే ఓడలు ఆగే రేవు అని ఉంది. ఊరికి ఈశాన్యాన బాపట్ల, నైరుతి వైపు వేటపాలెం, ఆ తర్వాత చినగంజాం, ఇంకా దిగితే ఒంగోలు. విజయవాడ – చెన్నై రైలు మార్గం మీద ఇది పెద్ద స్టేషను. కత్తిపూడి నుంచి ఒంగోలు వరకు తీరం వెంట వచ్చే 216వ నెంబరు జాతీయ రహదారి కూడా ఇటుగానే పోతుంది.

ముఖ్యంగా గమనించాల్సింది నేల. చీరాల రెండు నేలలు కలిసే చోట ఉంది. సముద్రం వైపు తెల్లటి ఇసుక. అక్కడ సరుగుడు, జీడిమామిడి, తాటి చెట్లు, వేరుశనగ. పడమటి వైపు కారంచేడు, పర్చూరు దారి పట్టగానే నల్లరేగడి మొదలవుతుంది. అక్కడ పత్తి, మిరప, పొగాకు, శనగ.

నేల మారితే నీరు మారుతుంది. ఇసుక నేలలో వాన నీరు కిందికి దిగి పైపొరలోనే తియ్యగా నిలుస్తుంది. అందుకే ఈ తీరంలో చేత్తో తవ్వుకునే దొరువులు ఉంటాయి. నల్లరేగడిలో అలా కాదు. అక్కడ చాలా ఊళ్లలో బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగడానికి చెరువే దిక్కు. చెరువు దిక్కైన ఊళ్లో ‘చెరువు ఎవరిది?’ అనే ప్రశ్న చాలా పెద్దది. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

ఇక కాలువ. కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందిన కొమ్మమూరు కాలువ దాదాపు 113 కిలోమీటర్లు సాగి పెదగంజాం దగ్గరికి చేరుతుంది. అక్కడి నుంచి దక్షిణానికి బకింగ్‌హాం కాలువ. రైలు రాకముందు ఉప్పు, బియ్యం, వంటచెరకు పడవల మీద మద్రాసు వైపు పోయేవి. 1899లో విజయవాడ నుంచి మద్రాసుకు రైలు మార్గం కలిశాక బేరం పడవ దిగి రైలెక్కింది. రైలు ఆగే ఊరు పెరుగుతుంది. చీరాల అలా పెరిగిన ఊరే.

తీరం కాబట్టి తుఫానుల భయం ఎప్పుడూ ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫాను కోస్తా అంతటా చెరగని జ్ఞాపకం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుఫాను వస్తే రైతుకు చేను పోతుంది, నేతగాడికి మగ్గం గుంటలో నీళ్లు నిలుస్తాయి, కూలికి పని పోతుంది. ఒకే వాన ఒక్కొక్కరికి ఒక్కో నష్టం.

జిల్లాల సంగతి పరీక్షల్లో అడుగుతారు కాబట్టి రాసుకోండి. చీరాల మొదట గుంటూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చీరాల చేరింది. 2011 లెక్కల ప్రకారం పట్టణ జనాభా సుమారు 87 వేలు.

3. మోటుపల్లి అభయం

చీరాలకు దక్షిణాన చినగంజాం మండలంలో మోటుపల్లి అనే చిన్న పల్లె ఉంది. ఇప్పుడు చూస్తే నమ్మలేం గాని, కాకతీయుల కాలంలో ఇది పెద్ద రేవు. ఇక్కడ గణపతిదేవుడు 1244–45లో వేయించిన శాసనాన్ని మోటుపల్లి అభయ శాసనం అంటారు.

అందులోని విషయం ఇది. అంతకుముందు ఓడ తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజులు లాక్కునేవారు. నష్టపోయినవాడిని ఇంకా నష్టపరచడం అన్నమాట. గణపతిదేవుడు ఆ పద్ధతి ఆపించాడు. నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని రాతి మీద రాయించాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. తర్వాత రెడ్డిరాజుల కాలంలో 1358లో అనపోతారెడ్డి కూడా ఇక్కడి వర్తకులకు మళ్లీ అభయం ఇస్తూ శాసనం వేయించాడు.

వెనిస్ యాత్రికుడు మార్కో పోలో పదమూడో శతాబ్దం చివర ఈ తీరాన్ని గురించి రాశాడు. మోటుపల్లిని ‘ముత్ఫిలి’ అన్నాడు. ఇక్కడ ఒక రాణి న్యాయంగా పాలించిందని చెప్పాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడి నూలు బట్ట సాలెగూడంత సన్నమని మెచ్చుకున్నాడు. అంటే ఏడు వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద అంత నేర్పు గల చేతులున్నాయి. రాణి ఎవరో మనం ఊహించగలం. ఆ బట్ట నేసినవాళ్ల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు.

4. పడుగు, పేక

చీరాల పేరుకు రెండు కథలు వినిపిస్తాయి. పాలలాంటి తెల్లని ఇసుక వల్ల క్షీరపురి అయిందని ఒకటి. చీరలు నేసే ఊరు కాబట్టి చీరాల అయిందని మరొకటి. పండితులు ఏమన్నా జనం రెండోదాన్నే నమ్ముతారు. చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెం చుట్టుపక్కల వీధుల్లో నడిస్తే మగ్గం చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది.

చీరాల పేరును సముద్రం దాటించినది తేలియా రుమాలు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ పదే పదే నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత ముడులు కట్టి రంగులు అద్దుతారు. ఎరుపు, నలుపు, తెలుపు. నూనె పట్టించడం వల్లనే తేలియా అనే పేరు. రంగు నూలుకే వేసి, నేసేటప్పుడు బొమ్మ కుదిరేలా పోగులు పేర్చాలి. ఒక్క పోగు జరిగినా బొమ్మ చెదురుతుంది. ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు, ఆఫ్రికాకు ఎగుమతి అయ్యేవి. ఈ విద్య ఇక్కడి నుంచి నల్లగొండ ప్రాంతపు పుట్టపాకకు పాకింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. విద్య పుట్టిన చోట తగ్గి, వెళ్లిన చోట నిలవడం చరిత్రలో మామూలే.

ఒక చీర వెనక ఎంతమంది ఉంటారో లెక్క వేయండి. కండెలు చుట్టే ముసలమ్మ, ఆసు పోసే ఇల్లాలు, గంజి పెట్టేవాళ్లు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునే నేతగాడు. కూలి మాత్రం చీర లెక్కన ఒక్కటే. నూలు ఇచ్చేదీ, బట్ట తీసుకునేదీ మాస్టర్ వీవర్ అయినప్పుడు ధర చెప్పేదీ ఆయనే.

నేతగాళ్ల తరఫున నిలబడిన నాయకుడు ప్రగడ కోటయ్య (1915–1995). చీరాల నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు, తర్వాత రాజ్యసభకు వెళ్లారు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాసంస్థకు ఆయన పేరు పెట్టారు. పదో తరగతి, ఇంటర్ తర్వాత డిప్లొమా ఆలోచన ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ సంస్థ గురించి కూడా వాకబు చేయండి.

1991లో నూలు ధర పెరిగి పని పోయింది. ఈ ప్రాంతంలో నేతగాళ్లు ఆకలితో చనిపోయారన్న వార్తలు దేశమంతా చదివింది. ప్రపంచానికి బట్ట కట్టిన ఊళ్లో అన్నం లేక చనిపోవడం ఏమిటని మీరు అడగవచ్చు. సరుకు గొప్పదైనంత మాత్రాన చేసినవాడి బతుకు గొప్పది కాదు. బేరంలో ఎవరి మాట చెల్లుతుంది అన్నదే అసలు సంగతి. మిరప చేనుకూ ఈ పాఠమే వర్తిస్తుంది.

5. 1921: ఊరు కదిలి వెళ్లింది

ఇది పరీక్షల్లో తప్పకుండా వచ్చే భాగం. చీరాల – పేరాల ఉద్యమం.

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి నాలుగు వేల రూపాయలు పన్ను వసూలయ్యే చోట అది నలభై వేల దాకా పెరిగింది. ఇక్కడివాళ్లలో ఎక్కువమంది నేతగాళ్లు, చిన్న రైతులు, కూలీలు, చిల్లర వర్తకులు. మున్సిపాలిటీ వద్దని అర్జీలు పెట్టుకున్నారు. ఫలితం లేదు. పన్ను కట్టం అన్నారు. కట్టనివాళ్లను జైలుకు పంపారు. అలా వెళ్లినవారిలో ఒక మహిళ కూడా ఉంది.

ఈ ఉద్యమాన్ని నడిపినవారు ‘ఆంధ్రరత్న’ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివారు. పాటతో, చమత్కారంతో జనాన్ని కూడగట్టే నేర్పు ఉన్నవారు. ఆయన తయారుచేసిన సేవాదళం పేరు రామదండు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగింది. దానికి వచ్చిన గాంధీజీ ఏప్రిల్ 6న చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, పన్ను కట్టకుండా శాంతియుతంగా శిక్షలు భరించడం. రెండు, మున్సిపాలిటీ హద్దు దాటి ఊరు వదిలి వెళ్లడం. హద్దులో మనిషే లేకపోతే పన్ను ఎవరి మీద వేస్తారు?

జనం రెండో దారి పట్టారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ఇళ్లు వదిలి హద్దు బయట పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. మగ్గాలు, కుండలు, పశువులు, పసిపిల్లలతో వేసవి ఎండలో నడిచి వెళ్లిన ఊరిని ఊహించుకోండి. అక్కడ దాదాపు పదకొండు నెలలు ఉన్నారు.

వానలు వచ్చాయి. డబ్బు అయిపోయింది. చందాల కోసం, సభల కోసం తిరుగుతున్న గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైలు శిక్ష వేశారు. తిరుచిరాపల్లి జైలులో ఉంచారు. నాయకుడు లేక, చేతిలో పైసా లేక 1922లో జనం ఇళ్లకు తిరిగి వచ్చారు. పన్ను అప్పటికి నిలిచింది. ఆంధ్రరత్న 1928 జూన్ 10న చనిపోయారు. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఓడిపోయిన ఉద్యమాన్ని ఎందుకు చదవాలి అని మా క్లాసులో ఒకసారి చర్చ జరిగింది. మా సమాధానం ఇది. డబ్బు అడిగినవాడిని ‘ఎంత, ఎందుకు, ఎవరిని అడిగి?’ అని ఎదురు ప్రశ్న వేయవచ్చని అక్షరం రానివాళ్లు కూడా ఆ పదకొండు నెలల్లో నేర్చుకున్నారు. హాస్టల్ మెస్ కమిటీలో పప్పు లెక్క, నూనె లెక్క అడిగే తమ్ముడు అదే ప్రశ్న అడుగుతున్నాడు. భయపడకుండా, మర్యాదగా, కాగితం మీద లెక్క రాసుకుని అడగండి.

6. 1985: ఊరికి వచ్చినవాళ్లు

ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. ఇకపై రాసేది మేము బడిలో ఎప్పుడూ వినలేదు. పీజీకి వచ్చాకే వరుసగా చదివాం. మన హాస్టల్ పిల్లలు ముందుగానే తెలుసుకోవాలని రాస్తున్నాం.

చీరాలకు పది కిలోమీటర్ల లోపే కారంచేడు ఉంది. పైన చెప్పిన నల్లరేగడి వైపు ఊరు. డబ్బు పంటలు పండే ఊరు. అక్కడ భూమి ఒకరిది, కూలి మరొకరిది. 1985 జూలై 16న మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు దగ్గర పశువుల కుడితి నీళ్లతో నీటిని పాడుచేస్తుంటే వద్దన్నారు. ఒక మాదిగ మహిళ కొట్టబోయినవారికి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, భూస్వామ్య కులానికి చెందినవారు గుంపుగా మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చేలకు అడ్డంపడి పరుగెత్తారు.

ఎక్కడికి పరుగెత్తారు? చీరాలకు.

ఎందుకు చీరాలకే వచ్చారో ఆలోచించండి. ఇక్కడ రైల్వే స్టేషను ఉంది, ఆసుపత్రి ఉంది, పత్రికా విలేఖరులు ఉన్నారు, చర్చి ఆవరణ ఉంది. భూమి ఉన్న ఒక్క ఆసామి మాట మీద బతకనక్కరలేని కూలి పనులు ఉన్నాయి. ఒక్క మాటలో, ఇది వర్తక పట్టణం. పల్లెలో తలుపులన్నీ ఒకే చేతిలో ఉన్నప్పుడు, పట్నంలో కనీసం రెండు మూడు తలుపులు వేరే చేతుల్లో ఉంటాయి.

బాధితులు చర్చి ఆవరణలో శిబిరం పెట్టుకున్నారు. రాష్ట్రం నలుమూలల నుంచి జనం వచ్చారు. విద్యార్థులు, లాయర్లు, రచయితలు, కూలీలు కదిలారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం గార్ల నాయకత్వంలో 1985 సెప్టెంబరు 1న చీరాలలో జరిగిన పెద్ద సభతో దళిత మహాసభ ఏర్పడింది. కారంచేడు నుంచి వచ్చినవారికి చీరాలలో విజయనగర్ కాలనీ కట్టారు. చాలా కుటుంబాలు తిరిగి ఊరికి పోలేదు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. ఆ చట్టం వెనక ఉన్న ఘటనల్లో కారంచేడు ఒకటి. కేసు మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నేరం జరిగిన 23 ఏళ్లకు. అప్పుడు పుట్టిన బిడ్డ డిగ్రీ పూర్తి చేసేంత కాలం.

నీటి కోసం జరిగిన పోరాటం ఇది మొదటిది కాదు. 1927 మార్చి 20న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ మహారాష్ట్రలోని మహాద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి, ప్రజల చెరువు అందరిదీ అని చూపించారు. ఆ తర్వాత 58 ఏళ్లకు మన పక్క ఊళ్లో అదే చెరువు ప్రశ్న ఎదురైంది.

7. రెండు ప్రయాణాలు

1921లో జనం చీరాల నుంచి బయటికి వెళ్లారు. 1985లో జనం చీరాలలోకి వచ్చారు. రెండుసార్లూ పాకలు వేసుకున్నారు, రెండుసార్లూ అన్యాయానికి తలవంచం అన్నారు. ఇంతవరకు పోలిక.

తేడా కూడా చూడాలి. 1921లో వెళ్లినవాళ్లు ముందుగా ఆలోచించుకుని, సామాను సర్దుకుని వెళ్లారు. 1985లో వచ్చినవాళ్లు కట్టుబట్టలతో, గాయాలతో వచ్చారు. మొదటివాళ్లకు తిరిగి వెళ్లడానికి తమ ఇళ్లు అక్కడే నిలిచి ఉన్నాయి. రెండోవాళ్లకు ఇల్లు ఉన్నా అందులో నిద్రపట్టే ధైర్యం లేదు. మొదటివాళ్లు ప్రభుత్వంతో పోరాడారు, పొరుగువాడు తోడున్నాడు. రెండోవాళ్లకు పొరుగువాడే భయం.

మోటుపల్లి శాసనం ఓడ ఎక్కి వచ్చిన వర్తకుడికి అభయం ఇచ్చింది. అతను ఏ దేశం వాడైనా సరే అంది. అదే నేల మీద పుట్టి, అదే నేల దున్నిన మనిషికి అంతటి అభయం దొరకడానికి రాజ్యాంగం రావాలి, చట్టం రావాలి, దాన్ని అడిగే మనుషులు రావాలి. చీరాల చరిత్ర మొత్తంలో మేము నేర్చుకున్నది ఇదే: ఊరు గొప్పతనాన్ని దాని బజారులో అమ్మే సరుకుతో కొలవకూడదు, పరుగెత్తుకుంటూ వచ్చినవాడికి అక్కడ నిలబడే చోటు దొరికిందా అని చూడాలి.

చీరాలలో కులం లేదని మేము అనడం లేదు. అక్కడా పేటలున్నాయి, అద్దె ఇల్లు అడిగితే ముందు ఇంటిపేరు అడిగేవాళ్లున్నారు. అయినా పల్లెలో మూసుకున్న దారి పట్నంలో కొంత తెరుచుకుంటుంది. మన హాస్టళ్లు కూడా ఎక్కువగా ఇలాంటి పట్టణాల్లోనే ఉన్నాయి. ట్రంకు పెట్టె భుజాన వేసుకుని మనం వచ్చిందీ ఆ దారినే.

8. దగ్గర్లో చూడవలసినవి

వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1918లో మొదలైంది. గాంధీజీ 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ భద్రపరిచారు. పాత పత్రికలు, పుస్తకాల కోసం దూరదూరాల నుంచి పరిశోధకులు వస్తారు. ప్రాజెక్టు పని ఉన్న పీజీ విద్యార్థులు ఒక్కసారైనా వెళ్లండి. వేటపాలెం జీడిపప్పుకు కూడా పేరున్న ఊరు. జీడిగింజలు కొట్టే పనిలో ఆడవాళ్ల వేళ్లు ఎలా నల్లబడతాయో కూడా చూసి రండి.

పెదగంజాంలో రెండు కాలువల కలయిక, మోటుపల్లిలో శాసనం, చినగంజాంలో ఉప్పు మడులు, విజయనగర్ కాలనీ. ఒక్క రోజులో చుట్టి రావచ్చు. బస్సు పాస్, ఒక నోటుపుస్తకం, అన్నం డబ్బా ఉంటే చాలు.

9. గుర్తుంచుకోవలసిన సంవత్సరాలు

1244–45: గణపతిదేవుని మోటుపల్లి అభయ శాసనం
1358: అనపోతారెడ్డి మోటుపల్లి శాసనం
1899: విజయవాడ – మద్రాసు రైలు మార్గం
1918: వేటపాలెం సారస్వత నికేతనం
1919: చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ
1921: ఏప్రిల్ 6న గాంధీజీ రాక, రామనగరానికి వలస
1970: ఒంగోలు జిల్లా ఏర్పాటు
1985: జూలై 17 కారంచేడు, సెప్టెంబరు 1 దళిత మహాసభ
1989: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం
1991: నేతగాళ్ల ఆకలి చావుల వార్తలు
2008: కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు
2022: ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా

10. ఆలోచించండి, చేయండి

(అ) మీ ఊళ్లో తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది? ముప్పై ఏళ్ల కింద ఎవరు ఎక్కడ తోడుకునేవారు? మీ నాయనమ్మను, అమ్మమ్మను అడిగి రాయండి.

(ఆ) మీ ఇంట్లో పండిన లేదా కోసిన పంట ఏ బజారుకు వెళ్తుంది? అక్కడ ధర ఎవరు చెప్తారు? మీ నాన్నగారు ఎప్పుడైనా ‘ఆ ధరకు ఇవ్వను’ అని వెనక్కి తెచ్చారా?

(ఇ) చీరాల – పేరాల ఉద్యమం ఎందుకు ఆగిపోయింది? మూడు కారణాలు రాయండి. మీరు అక్కడ ఉంటే ఏం చేసేవారు?

(ఈ) మీ సొంత ఊరి గురించి రెండు పేజీల వ్యాసం రాయండి. నేల, నీరు, పంట, పేటలు, బడి, పాత తగాదాలు, పాత మంచి పనులు అన్నీ రాయండి. మంచివి మాత్రమే రాస్తే అది శుభలేఖ అవుతుంది గాని చరిత్ర కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన ముందు తరం ఈ ఊళ్లకు తలమీద మూటతో వచ్చింది, ఖాళీ మూటతో వెళ్లింది. మనం పుస్తకంతో వచ్చాం. ఆ పుస్తకంలో మన ఊళ్ల పేర్లు లేకపోతే రాయాల్సింది మనమే. వచ్చే ఏడాది సంచికకు మీ వ్యాసాల కోసం ఎదురుచూస్తాం. అందరికీ పరీక్షల్లో జయం కలగాలని కోరుకుంటూ,

మీ అన్నలం, పూర్వ విద్యార్థులం,
ఎం.ఏ. చరిత్ర, చివరి సంవత్సరం.